ప్రశ్నలు – జవాబులు: శ్రమకు అర్థం చెప్పవలసింది ఎవరు?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అందుకని మిగిలినవాటిని వచ్చే సంచికకు వాయిదా వేసి ఈ నాలుగింటికే జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరాన్ని, రాసిన సహోదరి అనుమతితో, కొంచెం కుదించి ఇస్తున్నాను.

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు నామమున వందనములు. మాది ఉద్దానం. 2018లో తిత్లీ తుఫానుకు మా కొబ్బరిచెట్లు తెల్లవారేసరికి నేలకొరిగాయి. తోట పోయిన మూడేళ్లకు మా ఆయనకు కిడ్నీలు పాడై రక్తంలో క్రియాటినిన్ పెరిగిందన్నారు, ఆ తరువాత వారానికి మూడుసార్లు డయాలసిస్ అన్నారు. సంఘమంతా నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేశారు. ఒక స్వస్థత కూటంలో దైవసేవకుడొకరు మా ఆయన తలమీద చెయ్యి ఉంచి, నీకు దేవుడు కొత్త కిడ్నీలు ఇచ్చాడు, ఇక మిషను మీద ఆధారపడితే అది అవిశ్వాసం అన్నారు. మేము నమ్మి ఆ వారం రెండుసార్లు వెళ్లలేదు. మూడో రోజు రాత్రి ఊపిరాడక మళ్లీ ఆసుపత్రికే పరుగెత్తాం. ఆ తరువాత ఏడు నెలలు బతికారు. భూస్థాపన అయిన నెలకు మా సంఘంలో ఒక పెద్ద, మీ ఇంట్లో ఎక్కడో ఆకాను పాపం దాగి ఉంది, ఒప్పుకుంటే పిల్లలైనా క్షేమంగా ఉంటారు అన్నారు. రాత్రులు కూర్చుని నేను ఏం చేశానా అని వెతుక్కుంటున్నాను. గుడికి వెళ్తున్నాను గాని పాట పాడలేకపోతున్నాను. దేవుని మీద కోపంగా ఉంది. ఆయనకు రోజుకు ఇన్ని నీళ్లే అని కొలిచి ఇచ్చిన చిన్న స్టీలు గ్లాసు ఇంకా గూట్లోనే ఉంది, దాన్ని ముట్టుకోలేకపోతున్నాను. మా పక్కింటి కోడలి భర్తకు ఇప్పుడు డయాలసిస్ మొదలైంది. ఆమెకు దారి తెలియదని ఆమెతో నేను వెళ్తున్నాను. ప్రార్థన చేయలేని దాన్ని, ఆమెకు ధైర్యం చెప్పే అర్హత నాకుందా? ఇదంతా దేవుడు నాకు ఎందుకు చేసినట్టు? – ఒక సహోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: సహోదరీ, వందనములు. మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. మీరు అడిగిన చివరి ప్రశ్నకు, అంటే ఎందుకు చేసినట్టు అన్నదానికి, నా దగ్గర జవాబు లేదు. ఉందని చెప్పినవారి దగ్గర కూడా లేదనే నా నమ్మకం. కాని మీ ఇంటి మీద వేసిన నింద విషయంలో మాత్రం లేఖనం మౌనంగా లేదు కనుక ముందు అక్కడినుంచి మొదలుపెడతాను.

ఆకాను కథ యెహోషువ గ్రంథం ఏడవ అధ్యాయంలో ఉంది. హాయి పట్టణం ముందు ముప్పైఆరుమంది చనిపోయినప్పుడు, ఎవరు తప్పు చేశారో యెహోషువ ఊహించలేదు. ఆయన బట్టలు చింపుకొని మందసం ముందు సాయంకాలం వరకు సాష్టాంగపడ్డాడు. పాపం జరిగిందని చెప్పినవాడు దేవుడు, చీటి పడినది ఆకాను పేర, దొరికినది గుడారంలో పాతిపెట్టిన పైవస్త్రం, వెండి, బంగారు కమ్మి. ఒకరికి జబ్బు వచ్చింది కనుక ఆ ఇంట్లో పాపం ఉండి తీరాలని లెక్క కట్టే అధికారం ఆ అధ్యాయంలో ఏ పెద్దకూ ఇవ్వబడలేదు. కథలో ఉన్న వరుసను తలకిందులు చేసి, ముందు మరణాన్ని చూపించి దానినుంచి పాపాన్ని పుట్టించడం మన సంఘాలలో అలవాటైపోయింది. దీనిని నేను వాక్యోపదేశం అనలేను. భర్తను పోగొట్టుకున్న మనిషికి ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఈ లెక్క ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచిస్తే నాకు ఒక్కోసారి నవ్వు, ఒక్కోసారి దిగులు కలుగుతాయి. ఏ జన్మలో చేసుకున్న పాపమో అని మన అమ్మమ్మలు నిట్టూర్చేవారు. బాప్తిస్మం తీసుకున్న తరువాత మనం జన్మల మాట వదిలిపెట్టాం గాని లెక్క మాత్రం అలాగే ఉంచుకున్నాం. యేసు శిష్యులకూ ఇదే లెక్క ఉండేది. పుట్టు గ్రుడ్డివాణ్ణి చూసి వారు అడిగిన మొదటి మాట, పాపం చేసింది వీడా, వీణ్ణి కన్నవారా అన్నది. ప్రభువు ఇచ్చిన జవాబు యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో ఉంది: ‘వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు’. ఆ తరువాతి మాట, దేవుని క్రియలు వీనియందు ప్రత్యక్షపరచబడుటకే అన్నది, చాలామందిని కలవరపెడుతుంది, నన్నూ పెట్టింది. ఒక అద్భుతం చూపించడం కోసం దేవుడు పసివాడి కళ్లు తీసివేశాడా? గ్రీకు మూలంలో ఇప్పటిలాగా విరామచిహ్నాలు లేవు కనుక, ఆ మాటను తరువాతి వచనంతో కలిపి, దేవుని క్రియలు వీనియందు కనబడవలెనంటే పగలున్నంతవరకు మనము ఆయన క్రియలు చేయవలెను అని చదివే పండితులు ఉన్నారు. నాకు ఆ చదువే సరిగా తోస్తుంది, ఎందుకంటే ప్రభువు ఆ మాట చెప్పి ఊరుకోలేదు, నేలమీద ఉమ్మి వేసి బురద కలిపాడు. ఏది ఎలా చదివినా, శిష్యులు వేసిన లెక్కను ఆయన కొట్టివేశాడన్నదానిలో సందేహం లేదు.

లూకా సువార్త పదమూడవ అధ్యాయంలో సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిదిమంది విషయంలోనూ అంతే. వారు యెరూషలేములో ఉన్నవారందరికంటె అపరాధులని తలంచుచున్నారా అని ఆయనే అడిగి, ‘కారని మీతో చెప్పుచున్నాను’ అని ఆయనే జవాబిచ్చాడు. మారుమనస్సును గూర్చిన హెచ్చరిక ఆ వెంటనే ఉన్నమాట నిజమే. అయితే అది వింటున్నవారికి చేసిన హెచ్చరిక, చనిపోయినవారి మీద తీర్పు కాదు.

మీ ప్రాంతంలో ఉన్నవారికి నేను దీనిని ఇంత దూరంనుంచి చెప్పనవసరం లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో ఈ జబ్బు లేని ఊరు ఏదో మీకే తెలుసు. షుగరు, రక్తపోటు ఏదీ లేని రైతులకు, కూలీలకు కూడా కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో రెండు దశాబ్దాలకు పైగా నీటిని, మట్టిని, పురుగుమందులను, ఎండలో చేసే పనిని పరిశీలిస్తూ వచ్చినా వైద్యులు ఇదీ కారణమని తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారంటే సమస్య ఎంతటిదో అర్థమవుతుంది. ఇన్ని జీడితోటల మధ్య, ఇన్ని కొబ్బరితోటల మధ్య, ఇన్నివేల ఇళ్లలో ఒక్కో ఆకాను దాగి ఉన్నాడని ఆ పెద్దగారు నిజంగా నమ్ముతున్నారా? నమ్మితే ఆయన ప్రతి గడప ముందూ నిలబడి ఆ మాట అనాలి. మీ గడప ముందు మాత్రమే అన్నారంటే, మీ ఇంట్లో ఆయనకు ఎదురుచెప్పే మగమనిషి లేడనే ధైర్యం కూడా అందులో కొంత ఉందని నా అనుమానం.

ఇక మానేసిన రెండు డయాలసిస్‌ల సంగతి. దీన్ని దాటవేస్తే మీకు మేలు చేసినట్టు కాదు. డయాలసిస్ మానితే ఒంట్లో నీరు, పొటాషియం పెరిగి ప్రాణానికి ముప్పు వస్తుంది. ఈ పేజీ చదువుతున్నవారెవరైనా, ఏ కూటంలో ఎవరు ఏమి చెప్పినా, డాక్టరును అడగకుండా ఒక్కసారి కూడా మానవద్దని ప్రాధేయపడుతున్నాను. రోగి కోసం పెద్దలు నూనె రాసి ప్రార్థన చేయాలని యాకోబు పత్రిక చెబుతుంది, వైద్యం మానమని చెప్పదు. హిజ్కియా రాజుకు పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానన్న దేవుడే యెషయా ద్వారా అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టించాడు. పౌలు వెంట ‘ప్రియుడైన వైద్యుడు’ లూకా ఉన్నాడు. ఎందరినో స్వస్థపరచిన ఆ పౌలే, ‘త్రోఫిము రోగియైనందున అతని మిలేతులో విడిచివచ్చితిని’ అని తిమోతికి రాశాడు. ఆ రోజు పౌలుకు విశ్వాసం చాలలేదని ఏ ప్రసంగికుడూ అనగా నేను వినలేదు. మీరు ఆ వారం చేసినది, మీ భర్త బతకాలన్న ఆశతో, ఆయన ఒప్పుదలతో, మీకంటే ఎక్కువ తెలిసినవాడని నమ్మిన మనిషి మాట మీద చేసినది. ఆ మాటకు లెక్క చెప్పవలసినవాడు ఆ మాట అన్నవాడే. మీరు మాత్రం ఊపిరాడని ఆ రాత్రి ఆయనను తీసుకొని పరుగెత్తారు, ఆ తరువాత ఏడు నెలలు నీళ్లు కొలిచి ఇచ్చారు.

దేవుని మీద కోపం పాపమా అని మీరు సూటిగా అడగలేదు గాని, పాట పాడలేకపోతున్నాను అన్న వాక్యంలో ఆ భయం కనబడింది. బైబిలులో ఉన్న నూటయాభై కీర్తనలలో సుమారు మూడోవంతు మొరలు, ఫిర్యాదులు. ‘యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?’ అని అడిగిన మనిషి మాటను కొట్టివేయకుండా ఆరాధన పుస్తకంలో చేర్చారు. అటువంటి కీర్తనలు చాలావరకు చివరికి స్తుతిలో ముగుస్తాయి. ఎనభైఎనిమిదవ కీర్తన ఆ మలుపు కూడా తిరగదు. ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అన్న మాటతోనే అది ఆగిపోతుంది. మన సంఘాలలో దానిని బిగ్గరగా చదవగా నేను అరుదుగా విన్నాను. ఆదివారం అందరూ చప్పట్లు కొడుతున్నప్పుడు మీరు పాడలేకపోతే, ఆ కీర్తన తెరిచి మనసులో చదువుకోండి. అదీ ఆరాధనే.

యోబు గ్రంథంలో ముగ్గురు స్నేహితులు దేవుని పక్షాన మాట్లాడుతున్నామనుకొని, నీవు ఏదో చేసి ఉంటావని అధ్యాయాల తరబడి వాదించారు. యోబు మాత్రం తాను పుట్టిన దినాన్ని శపించాడు, దేవుణ్ణి న్యాయసభకు పిలిచాడు, స్నేహితులను ‘మీరందరు బాధకే కర్తలుగాని ఆదరణకు కర్తలు కారు’ అన్నాడు. చివర దేవుడు ఆ ముగ్గురిలో ఒకడైన ఎలీఫజుతో అన్న మాట నలభైరెండవ అధ్యాయంలో ఉంది: ‘నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలుకలేదు’. కోపంతో దేవునితోనే మాట్లాడినవాడు యుక్తంగా మాట్లాడినట్టు, దేవుణ్ణి సమర్థిస్తూ రోగిని దోషిని చేసినవారు తప్పుగా మాట్లాడినట్టు దేవుడే తేల్చాడు. ఇంకొక సంగతి గమనించండి. తనకు శ్రమ ఎందుకు వచ్చిందో యోబుకు చివరిదాకా ఎవరూ చెప్పలేదు. మొదటి రెండు అధ్యాయాలు మనం చదువుతాం, యోబు చదవలేదు. అతనికి దొరికినది కారణం కాదు, దర్శనం. ‘ఇప్పుడు నేను కన్నులార నిన్ను చూచుచున్నాను’ అన్నాడు.

క్రైస్తవ విశ్వాసం శ్రమకు ఇచ్చే అర్థం నాకు తెలిసినంతలో ఈ దిశలోనే ఉంది. ఎందుకు అన్నదానికి సిలువ జవాబు చెప్పలేదు. అదే ఎందుకు అన్న ప్రశ్నను దేవుని కుమారుడు తన నోటితోనే, ‘నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి’ అని అరిచి అడిగాడు. బేతనియలో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా మరియ ఏడుస్తుంటే ఆయన కన్నీళ్లు విడిచాడు. మార్త, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును అని నిష్ఠూరమాడితే ఆమెను గద్దించలేదు. మీరు అడుగుతున్నదీ మార్త అడిగినదే. మీ భర్త మంచం పక్కన ఆ దేవుడు లేడని నేను అనుకోలేను, ఉన్నాడని మీకు ఇప్పుడు అనిపించకపోయినా.

మీ శ్రమకు ఒక ప్రయోజనం ఉందని నేను బయటినుంచి అంటగట్టను. చాలా ఏళ్ల కిందట, నేను ఆసుపత్రిలో చాప్లిన్‌గా, అంటే రోగులను ఆదరించే పాదిరిగా, చేరిన కొత్తలో, బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లికి రోమా ఎనిమిది ఇరవైఎనిమిది చదివి వినిపించాను. సమస్తమును సమకూడి మేలుకే జరుగుచున్నవి అన్న వచనం. ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని, ‘అయ్యగారూ, మీ పిల్లకే ఇట్లా అయితే ఈ వాక్యమే చదువుకుంటారా?’ అని అడిగింది. నేను బైబిలు మూసి వరండాలోకి వచ్చేశాను. ఆ వచనం అబద్ధమని కాదు. అది పౌలు తాను పడిన దెబ్బలను తలచుకొని రాసిన మాట. తన శ్రమను గురించి ఆ మాట ఎవరికి వారు చెప్పుకోవాలి, వారికి చెప్పగలిగిన రోజు వచ్చినప్పుడు చెప్పుకోవాలి. పక్కవాడు తొందరపడి ముందే చెబితే అది రాయి విసిరినట్టే ఉంటుంది.

ఆ అధికారం మీది కనుక, మీరు రాసిన ఒక వాక్యాన్ని మాత్రం మీకే తిప్పి చూపిస్తాను. పక్కింటి కోడలికి దారి తెలియదని మీరు ఆమెతో వెళ్తున్నారు. ఏ బస్సు ఎక్కాలో, ఏ కౌంటరులో కార్డు చూపించాలో, డయాలసిస్ అయ్యాక కాళ్లు తిమ్మిరెక్కితే ఏమి చేయాలో, దాహంతో మనిషి చిరాకుపడితే ఎలా ఊరుకోవాలో మీకు తెలుసు. అవి మీకు ఎలా తెలిశాయో మీకూ తెలుసు. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయంలో, దేవుడు మమ్మును ఏ ఆదరణతో ఆదరించుచున్నాడో ఆ ఆదరణతో శ్రమలలో ఉన్నవారిని ఆదరించుటకు శక్తిగలవారమగునట్లు అని పౌలు అంటాడు. ప్రార్థన చేయలేనిదానికి అర్హత ఉందా అని అడిగారు. ఆ అమ్మాయికి ఇప్పుడు ప్రార్థన చెప్పేవారికంటే, ఆ బస్సులో పక్కసీటులో కూర్చునేవారు కావాలి. వెళ్లండి. గ్లాసును ముట్టుకోలేకపోతే గూట్లోనే ఉండనివ్వండి, దానికి తొందరేమీ లేదు.

ప్రశ్న: మేము ఆర్‌సీఎం (రోమన్ కథోలిక) వాళ్లం. మా అమ్మగారికి క్యాన్సర్ ఎముకలకు పాకింది. డాక్టరు మార్ఫిన్ మాత్రలు రాశారు. అమ్మ మింగదు. క్రీస్తు కూడా సిలువ దగ్గర మత్తు కలిపిన ద్రాక్షారసం తీసుకోలేదు, నా నొప్పిని నేను ఆయనకు అర్పించుకుంటాను అంటుంది. సిలువమార్గం పుస్తకం, జపమాల పట్టుకొని రాత్రంతా మూలుగుతుంది. శ్రమ అంత పవిత్రమైతే తగ్గించడం తప్పా? మీరు ప్రొటెస్టెంటు కాబట్టి మీ మాట అమ్మ వినకపోవచ్చు, అయినా రాయండి. – ఒక కుమారుడు, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మగారు వినకపోవచ్చునన్న సంగతి నాకూ తెలుసు కనుక ముందు ఆమె పెద్దల మాటే చెబుతాను. 1957 ఫిబ్రవరిలో పన్నెండవ భక్తినాథ పోపుగారు, అంటే పన్నెండవ పయస్, మత్తువైద్య నిపుణులతో మాట్లాడుతూ, నొప్పి తగ్గించే మందులు తీసుకోవడం క్రైస్తవునికి నిషిద్ధం కాదని స్పష్టం చేశారు. నొప్పిని కోరి భరించే వీరోచిత భక్తి ఎవరికైనా ఉండవచ్చు గాని దాన్ని అందరికీ విధిగా పెట్టకూడదన్నదే కథోలిక సభ బోధ. 1984లో రెండవ జాన్ పాల్ పోపుగారు మానవ శ్రమకు ఉన్న రక్షణార్థాన్ని గురించి రాసిన లేఖలో, క్రీస్తు శ్రమలలో పాలుపంచుకోవడం గురించి ఎంత లోతుగా రాశారో, చివరి భాగంలో దారిపక్కన పడి ఉన్నవాణ్ణి చూసి ఆగిన మంచి సమరయుని గురించీ అంత గట్టిగా రాశారు. శ్రమను అర్పించుకోవడం, శ్రమను తగ్గించడం ఆ లేఖలో పక్కపక్కనే ఉన్నాయి. మీ విచారణ గురువుగారిని ఇంటికి పిలిచి ఈ సంగతి ఆయన నోటితో చెప్పించండి. నా ఉత్తరంకంటే అది వెయ్యి రెట్లు పనిచేస్తుంది.

అమ్మగారు చెప్పిన వచనం మార్కు సువార్తలో ఉంది, ఆమె జ్ఞాపకం సరైనదే. బోళము కలిపిన ద్రాక్షారసం ఆయన పుచ్చుకోలేదు. కాని ఆ మధ్యాహ్నానికి అదే మనిషి ‘నేను దప్పిగొనుచున్నాను’ అన్నాడని, హిస్సోపు పుడకకు తగిలించి అందించిన చిరకను పుచ్చుకున్నాడని యోహాను రాశాడు. అంతకు ముందటి రాత్రి గెత్సేమనేలో, సాధ్యమైతే ఈ గిన్నె నా యొద్దనుండి తొలగిపోనిమ్మని మూడుసార్లు వేడుకున్నాడు. నొప్పిని ప్రేమించినవాడు అలా వేడుకోడు. ఆయన ఊరూరా తిరిగిన కాలమంతా, నీ జ్వరం నీకు మేలు చేస్తుంది, భరించు అని ఒక్క రోగితో అన్నట్టు సువార్తలలో లేదు. పేతురు అత్తకు జ్వరం వస్తే చెయ్యి పట్టి లేపాడు.

క్రీస్తు పడిన పాట్లలో కొదువైన వాటియందు నా వంతు నా శరీరమందు సంపూర్ణము చేయుచున్నాను అన్న కొలొస్సయుల పత్రికలోని వాక్యమే అమ్మగారి భక్తికి మూలం అనుకుంటాను. ఈ వాక్యాన్ని మీ సభ, మా సంఘాలు వేర్వేరుగా చదువుతాయి, ఆ తగువు ఇప్పుడు వద్దు. పౌలు అక్కడ చెప్పుకున్నవి సువార్త చెప్పినందుకు వచ్చిన సంకెళ్లు, దెబ్బలు. వాటిని ఆయన వెతుక్కుంటూ వెళ్లలేదు. తప్పించుకోగలిగిన చోట, రోమా పౌరుణ్ణి అని చెప్పి కొరడా దెబ్బలను తప్పించుకున్నాడు కూడా.

నొప్పికి ఒక మేలైన పని ఉంది. వేలూరు సీఎంసీలో కుష్ఠు రోగులకు చికిత్స చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, ఆ రోగుల వేళ్లు, పాదాలు పాడవడానికి ప్రధాన కారణం నొప్పి తెలియకపోవడమేనని చూపించాడు. స్పర్శ పోయిన చేత్తో నిప్పు మీది గిన్నెను దించుతారు, కాలిలో మేకు దిగినా నడుస్తూనే ఉంటారు, పుండు పెరిగి ఎముక దాకా పోతుంది. కాబట్టి నొప్పి ఒక కాపలాదారు. కాని అమ్మగారి ఎముకలలో ఉన్న నొప్పి చెప్పవలసిన కబురు ఎప్పుడో చెప్పేసింది, డాక్టర్లు విన్నారు. కబురు అందిన తరువాత కూడా రాత్రంతా తలుపు బాదుతున్న కాపలాదారును ఊరుకోమనడంలో తప్పేమీ లేదు.

ఈ విషయంలో మన రెండు సభలకూ దగ్గరైన ఒక మనిషి సిసిలీ సాండర్స్. నర్సుగా మొదలై, ఆసుపత్రి సంఘసేవకురాలై, ఆ తరువాత డాక్టరు చదివి, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టొఫర్స్ హాస్పిస్‌ను, అంటే చివరి దశలో ఉన్న రోగులను చూసుకునే ఆశ్రయాన్ని, స్థాపించిన గాఢమైన క్రైస్తవ విశ్వాసి. నొప్పి భరించలేనంతగా పెరిగి రోగి అడుక్కునేదాకా ఆగకుండా, గడియారం ప్రకారం ముందుగానే మార్ఫిన్ ఇవ్వాలని ఆమె పట్టుబట్టింది. ఒంటి నొప్పి, మనసు నొప్పి, అయినవారిని గురించిన దిగులు, దేవుణ్ణి గురించిన ప్రశ్న ఇవన్నీ కలిసి ఒకే బాధగా ఉంటాయని, ఒంటి నొప్పి అదుపులోకి వస్తేనే మిగిలినవాటిని గురించి మనిషి మాట్లాడగలడని చెప్పింది. నేను వార్డులలో చూసినదీ అదే. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషి ప్రార్థన చేయలేడు, పళ్లు బిగించగలడు అంతే. మాత్ర పనిచేసిన అరగంటకు, గంటకు, ‘మా చిన్నోణ్ణి ఒకసారి పిలుస్తారా, వాడితో మాట్లాడాలి’ అన్నవారిని ఎందరినో చూశాను.

అలవాటుపడిపోతుందేమోనన్న భయం మీకుంటే, క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకుంటున్నంతవరకు ఆ భయం పెట్టుకోనవసరం లేదు. మలబద్ధకం మాత్రం తప్పదు, దానికి మందు కూడా అదే చీటీలో రాయించుకోండి. 2014లో మత్తుమందుల చట్టం సవరించిన తరువాత మార్ఫిన్ దొరకడానికి అడ్డంకులు కొంత తగ్గాయి. హైదరాబాదులోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి నివారణకు ప్రత్యేక విభాగం ఉంది. అమ్మగారికి ఒక మాట చెప్పి చూడండి: మాత్ర వేసుకున్న తరువాత కూడా అర్పించుకోవడానికి ఆమె దగ్గర చాలా మిగిలి ఉంటుంది. మంచం దిగలేకపోవడం, ఒకరిమీద ఆధారపడటం, మిమ్మల్ని విడిచి వెళ్లవలసి రావడం. ఇవి ఏ మందుకూ తగ్గేవి కావు.

ప్రశ్న: శ్రమలు రాకపోతే జనం దేవుని దగ్గరకు రారు. ధాతు కరువు రాకపోతే ఒంగోలులో 1878లో ఆ గొప్ప ఉజ్జీవం వచ్చేదా? కాబట్టి ఆ కరువు దేవుని ఏర్పాటే అని మా బైబిలు తరగతిలో చెబుతాను. సరైనదేనా? – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా

జవాబు: మాస్టారూ, ఆ బాప్తిస్మాల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. కాని దానికి ముందు ఏమి జరిగిందో కూడా తరగతిలో చెప్పండి. 1876లో కరువు మొదలైనప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర దాన్ని దేవుని ఏర్పాటు అని ప్రసంగించుకుంటూ కూర్చోలేదు. బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల మేర తవ్వకం కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో వచ్చినవారికి పని, కూలి ఇచ్చాడు. అంతకంటే ముఖ్యం, కరువు పనులు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. కూటికోసం విశ్వాసంలోకి వచ్చారన్న మాట రాకూడదని, ఆకలిని దేవుని ఎరగా వాడుకోకూడదని ఆయన అలా చేశాడు. కూలి పని ముగిసి, ఇక ఇవ్వడానికి ఏమీ లేనప్పుడు వచ్చినవారే ఆ 2,222 మంది. మీ వాదాన్ని ఒప్పుకొని ఉంటే క్లౌ దొర ఆ తలుపు మూసి ఉండేవాడు కాదు.

వానలు పడకపోవడం దైవికమనుకున్నా, చావులన్నీ వాన లేక జరగలేదు. జనం చస్తుంటే ధాన్యం ఎగుమతి అవుతూనే ఉంది. 1877లో కరువు పరిశీలనకు ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనిలో ఉన్న మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని కూలి తగ్గించాడు. అది బతకడానికి చాలదని మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా అభ్యంతరం చెప్పాడు. మనుషులు కాగితం మీద రాసిన లెక్కను దేవుని చిత్తం కింద జమకట్టడం నాకు ఇష్టం లేదు. ఆ కరువులోనుంచి దేవుడు మేలు పుట్టించాడని చెప్పండి, నేనూ ఆమేన్ అంటాను. ఆ మేలు కోసం కరువును పంపాడని చెబితే, ఆ కాలువగట్టు మీద బిడ్డను పోగొట్టుకున్న తల్లి మీ తరగతిలో వెనక బెంచీలో కూర్చుని ఉందనుకొని చెప్పండి.

ప్రశ్న: చనిపోయిన మా మేనమామగారి ఆదరణ కూటంలో నన్ను రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. ఏ వాక్యం చెప్పమంటారు? – ఒక యువకుడు, ఖమ్మం

జవాబు: వాక్యం చెప్పడానికి ఆ రోజు పాస్టరుగారు ఉంటారు. మీరు మీ మామయ్య పేరు చెప్పి, ఆయన చేయగా మీరు కళ్లారా చూసిన ఒక్క పనిని చెప్పండి. సైకిలు తొక్కడం నేర్పించినా చాలు. అది చెబుతూ గొంతు పూడుకుపోతే ఆగిపోయి కూర్చోండి, ఎవరూ ఏమీ అనుకోరు. యోబు స్నేహితులు కూడా మొదటి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేలమీద ఊరికే కూర్చున్నారు. వారు సరిగా చేసిన పని అదొక్కటే. షామియానా విప్పి, కుర్చీలు బండిలో వేసుకొని పోయిన తరువాత ఒక వారానికి మళ్లీ ఒకసారి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఒక పాల ప్యాకెట్టు తీసుకెళ్లండి. వచ్చినవారికి టీ పెట్టాలంటే ఇంట్లో పాలు లేవన్న సంగతి మీ అత్తయ్యకు అప్పుడే గుర్తుకు వస్తుంది.